21వ అంతస్తులో బిడ్డ ఉద్యోగం – మంటలు లేస్తే ఎటు పోవాలె?

అచ్చంపేట_టీచరమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు నానక్‌రామ్‌గూడ వైపు, 21వ అంతస్తు. చూసి వచ్చినప్పటి నుంచి వాళ్ళ నాన్న ఒకటే గొణుగుడు: "చుట్టూ అద్దాలే, ఒక్క కిటికీ తెరుచుకోదు, ఏమన్నా అయితే ఎట్ల?" అని. పిల్లను అడిగితే "అవన్నీ సెక్యూరిటీ వాళ్ళు చూసుకుంటరమ్మా" అని ఫోన్ పెట్టేస్తుంది.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో చనిపోయిన ఆరుగురూ జిల్లాల నుంచి బతుకుదెరువుకు పోయిన పిల్లలే. ఆ వార్త నా మనసులోంచి పోలేదు. నాకు ధైర్యం చెప్పకండి. పిల్లకు ఏం చెప్పాలో చెప్పండి.

కోయిల్‌సాగర్

నమస్తే టీచరమ్మా. నేనూ ఆ చుట్టుపక్కలే పనిచేస్తాను, మాది దేవరకద్ర దగ్గర. ఈ మధ్య కట్టిన పెద్ద బిల్డింగుల్లో ప్రతి అంతస్తుకూ మంట వేడికి పైనుంచి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు, పొగను పసిగట్టే డిటెక్టర్లు, కనీసం రెండు మెట్లదారులు ఉంటాయి. కాబట్టి మరీ అంత భయపడాల్సిన పని లేదు. నాకు టెన్షన్ మనుషులతోనే. మా ఆఫీసులో అలారం మోగితే ఎవ్వరూ లేవరు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కాల్‌లో ఉన్నవాడు మోత వినపడకుండా మ్యూట్ నొక్కుతాడు, ఆగగానే మళ్ళీ మాట్లాడతాడు. "టెస్టింగ్ అయ్యుంటది లే" అని ఎవరో ఒకరు అంటారు. అందరికీ ఆ మాట చాలు.

మోగిందంటే లేవమని చెప్పండి. నలుగురు లేచేదాకా ఆగొద్దు.

మయూరి_పార్కు

స్ప్రింక్లర్లంటే గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారే తెరుచుకుని కంప్యూటర్లన్నీ తడిసిపోతాయని మా బావ వాళ్ళ ఆఫీసులో వాల్వు బంద్ చేసి పెట్టారట. నిజంగా అట్ల అవుతుందా?

పాత_ఫైరుబండి

కాదు తమ్మీ. అది సినిమాల్లో చూపించే తమాషా. స్ప్రింక్లర్ మూతి దగ్గర వేలెడంత కూడా లేని గాజు గొట్టం ఉంటుంది, లోపల రంగు ద్రవం. ఎర్ర రంగుదైతే 68 డిగ్రీల వేడికి పగులుతుంది. ఏ మూతికి వేడి తగిలితే అదొక్కటే నీళ్ళు చిమ్ముతుంది, పక్కది కదలదు. చాలా మంటలు అట్ల ఒకటి రెండు తెరుచుకోగానే అదుపులోకి వస్తాయి. వాల్వు బంద్ చేసిన వాళ్ళు పది కంప్యూటర్లు కాపాడుకున్నామనుకుంటున్నారు, అంతస్తు మొత్తాన్ని పణంగా పెట్టారు. మీ బావతో గట్టిగా చెప్పించు.

నేను అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను, నల్గొండలో ఉంటాను. టీచరమ్మా, మీ ప్రశ్నకు పెద్ద జవాబు ఉంది. రాత్రికి కూర్చుని రాస్తాను.

కందూరు_జాతర

ఇన్వర్టర్ చార్జింగ్ పెట్టుకుని రాయండి సార్, మధ్యలో కరెంటు పోతే మాకు సస్పెన్స్.

పాత_ఫైరుబండి

రాస్తున్నా.

ఎత్తు బిల్డింగులో మనిషిని ముందు చంపేది పొగ. మంట ఒక గదిలో ఉంటే పొగ పది అంతస్తులు తిరుగుతుంది. స్వప్నలోక్‌లో ఆ పిల్లలు ఊపిరాడకే పోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర లాడ్జిలో మంట పుట్టింది కిందున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో. చనిపోయిన ఎనిమిది మంది పైన గదుల్లో దిగినవాళ్ళు. పొగ మెట్లదారిలోంచి పైకెక్కింది. తలుపు లేని మెట్లదారి పొగగొట్టంలాగే పనిచేస్తుంది, కిందిదంతా పైకి లాగుతుంది.

ఆఫీసులో కాలే వస్తువులేంటి? కుర్చీ ఫోమ్, పార్టిషన్, కార్పెట్, ప్లాస్టిక్ తొడుగు వైర్లు. ఇంట్లో కట్టెలు కాలిన పొగ వేరు, ఈ పొగ వేరు. నల్లగా, చిక్కగా వస్తుంది, కళ్ళు తెరవనివ్వదు. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఫోమ్ కాలితే సైనైడ్ వాయువు కూడా వస్తుంది. నాలుగు సార్లు గట్టిగా పీల్చాక తలుపు గొళ్ళెం ఎటు తిప్పాలో కూడా తోచదు. అందుకే "అప్పుడు చూసుకుందాం" అన్న మాట ఇక్కడ నడవదు. చూసుకునేది ముందే చూసుకోవాలి.

పిల్లకు ఈ వారమే ఒక పని చెప్పండి. తన సీటు నుంచి రెండు మెట్లదారుల దాకా నడవాలి. రోజూ లిఫ్టు పక్కన కనిపించేది ఒకటి. రెండోది ఎక్కడో ప్యాంట్రీ వెనకో, వాష్‌రూముల పక్కనో ఉంటుంది, సగం మందికి తెలియదు. నడుస్తూ మధ్యలో ఎన్ని తలుపులున్నాయో, ఎడమకా కుడికా అని గుర్తు పెట్టుకోవాలి. పొగలో బోర్డు కనపడదు. గోడ పట్టుకుని తలుపులు లెక్కపెట్టుకుంటూ పోవాల్సి వస్తుంది. తర్వాత ఆ మెట్లు దిగి అడుగుదాకా పోవాలి, ఎక్కడ తేలుతామో చూడాలి. కొన్ని లాబీలోకి వస్తాయి, కొన్ని వెనక రోడ్డుకు, కొన్ని పార్కింగుకు.

అలారం మోగితే, లేక మంట కనపడితే: గోడకున్న ఎర్ర అలారం డబ్బా అద్దం పగలగొట్టాలి, పక్కవాళ్ళను కేకేయాలి, మెట్లదారి పట్టాలి. ఫోన్, ఐడీ కార్డు చాలు. ల్యాప్‌టాప్ బ్యాగు భుజానికేసుకుని ఇరుకు మెట్ల మీద దిగితే వెనకవాళ్ళకు అడ్డం. మూసి ఉన్న తలుపు తెరిచే ముందు అరచేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవొద్దు, అటు మంట ఉంది. దాటిన తలుపు మూసుకుంటూ పోవాలి, తాళం వేయొద్దు. పొగ ఉంటే వంగి, అవసరమైతే పాకుతూ పోవాలి. వేడి పొగ పైన తేలుతుంది, నేలకు దగ్గరగా ఇంకాస్త గాలి మిగిలి ఉంటుంది.

లిఫ్టు మాత్రం ఎక్కొద్దు. కరెంటు పోతే మధ్యలో ఆగుతుంది, లిఫ్టు గుంటలోకి పొగ చేరుతుంది. ఫైర్ లిఫ్టు అని ఒకటుంటుంది, అది మా వాళ్ళ కోసం.

మెట్ల మీద ఒక పక్కగా దిగాలి. మా వాళ్ళు హోసులు మోసుకుంటూ ఎదురొస్తారు. 21 అంతస్తులు, అంతస్తుకు అర నిమిషం వేసుకున్నా పది నిమిషాలపైనే. జనం ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి బయలుదేరడం ఆలస్యం చేస్తే ఏ రకంగానూ పూడ్చుకోలేం.

నల్లమల_గాలి

సార్, తడి కర్చీఫ్ ముక్కుకు కట్టుకుంటే పొగ ఆగుతుందని మా ఆఫీసులో ట్రైనింగ్ ఇచ్చారు. మీరు రాయలేదు?

సోమశిల_లాంచి

దీనికి నేను చెబుతా, నర్సుగా పనిచేస్తున్నా. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది, గొంతు మంట కొంచెం తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ గుడ్డా ఆపలేదు. చేతిలో వాటర్ బాటిల్, మెడలో చున్నీ ఉంటే తడిపి పెట్టుకోండి. దాని కోసం వాష్‌రూముకు పోయి తడుపుకుని రావడం మాత్రం వద్దు.

ఇంకోటి. బయటికి వచ్చాక "నాకేం కాలేదు" అని ఇంటికి పోతారు. పొగ పీల్చిన మనిషికి తలనొప్పి, వాంతి వచ్చేటట్టు ఉండడం, మత్తుగా ఉండడం, గొంతు బొంగురు పోవడం, ముక్కులో మసి ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి. వేలికి పెట్టే ఆక్సీమీటరు 98 చూపించిందని ఊరుకోవద్దు. రక్తంలో ఆక్సిజన్ చోటును కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నా ఆ మామూలు మిషన్‌కు తేడా తెలియదు, అంకె బాగానే చూపిస్తుంది. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. 108 వాళ్ళు వచ్చాక ఆక్సిజన్ పెడతామంటే పెట్టించుకోండి, మొహమాటం వద్దు.

అచ్చంపేట_టీచరమ్మ

పొగ అంటే మా వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో రాత్రిపూట మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. భూమి లోపల ఉన్న పవర్‌హౌస్, బయటికి రావాలంటే సొరంగం. అది ఎక్కి బయటపడాల్సిన చోటు, ఇది దిగి బయటపడాల్సిన చోటు, అంతే కదా.

ఫైరు సార్, చాలా థ్యాంక్స్. రెండు మెట్లదారులూ పొగతో నిండిపోతే మరి? పైకి పోవచ్చా?

దిండి_వాగు

నేను హైదరాబాదులో ఒక ఆఫీసు బిల్డింగుకు ఫెసిలిటీ మేనేజర్‌ని, మాది దేవరకొండ. సార్ చెప్పినదాంట్లో ఒకదానికి అడ్డం వస్తున్నా, క్షమించాలి. అలారం మోగగానే అందరూ మెట్లు దిగాలని లేదు. 30 అంతస్తుల బిల్డింగులో నాలుగైదు వేల మంది ఒకేసారి మెట్ల మీదకొస్తే తొక్కిసలాటే. అందుకే ముందు మంట ఉన్న అంతస్తును, దాని పైదాన్ని, కిందిదాన్ని ఖాళీ చేయిస్తాం. మిగతావాళ్ళకు స్పీకర్లో చెబుతాం, వాళ్ళు సిద్ధంగా ఉండాలి. మెట్లదారిలోకి ఫ్యాన్లతో గాలి నింపి ఉంచుతాం కాబట్టి పొగ లోపలికి రాదు. అందరూ ఒకేసారి అన్ని అంతస్తుల తలుపులూ తెరిస్తే ఆ గాలి ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు పొగ వస్తుంది.

కోయిల్‌సాగర్

దిండి అన్నా, థియరీ బాగుంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు వరల్డ్ ట్రేడ్ సెంటర్లో మొదటి టవరును విమానం ఢీకొట్టాక రెండో టవరులో స్పీకర్లో ఏం చెప్పారు? ఈ బిల్డింగుకు ప్రమాదం లేదు, మీ ఆఫీసుల్లోకి వెళ్ళొచ్చు అని. కాసేపటికి ఆ టవరును రెండో విమానం ఢీకొట్టింది. అదే టవరులో మోర్గాన్ స్టాన్లీ సెక్యూరిటీ హెడ్ రిక్ రెస్కోర్లా మాత్రం ఆ మాట వినలేదు. 1993లో అక్కడే బాంబు పేలినప్పటి నుంచి ఆయన తన స్టాఫ్‌తో మెట్లు దిగే డ్రిల్లు చేయిస్తూనే ఉన్నాడు. ఆఫీసర్లు విసుక్కున్నా వదల్లేదు. ఆ రోజు ఆ కంపెనీలో సుమారు 2,700 మంది, దాదాపు అందరూ బయటపడ్డారు. ఆయన మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ పైకెక్కి తిరిగి రాలేదు.

దిండి_వాగు

విమానం గుద్దినదాన్ని చెత్తబుట్టలో రేగిన మంటతో పోల్చకు తమ్మీ. అయినా డ్రిల్లు విషయంలో నీ మాటే నా మాట. జాతీయ భవన నియమావళిలో కొత్తలో మూడు నెలలకోసారి, తర్వాత కనీసం ఆరు నెలలకోసారి డ్రిల్లు చేయాలని ఉంది. మేం పెడితే మేనేజర్లే "సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, మా టీమ్‌ను వదిలేయండి" అంటారు. కిందికొచ్చిన వాళ్ళలో సగం మంది చాయ్ తాగడానికి పోతారు, లెక్క తేలదు. లెక్క తేలకపోతే ఏమవుతుందో ఎవరికీ పట్టదు. లోపల లేని మనిషి కోసం ఫైర్‌మన్ పొగలోకి పోవాలి.

పాత_ఫైరుబండి

ఇద్దరిదీ రైటే, చోట్లు వేరు. వ్యవస్థ పనిచేసే బిల్డింగులో స్పీకరు మాట వినాలి. పొగ కంటికి కనపడినా, ముక్కుకు తగిలినా, స్పీకరు ఏం చెప్పినా ఆగొద్దు. నా లెక్క ఇంతే.

ఇక టీచరమ్మ అడిగినది. పైకి పోవద్దు. పొగ పోయేది కూడా అటే. పైన టెర్రస్ తలుపుకు తాళం ఉంటుంది. 2010 మార్చిలో కోల్‌కతా స్టీఫెన్ కోర్టులో 43 మంది చనిపోయారు. పై మెట్ల మీద, తాళం వేసిన టెర్రస్ దారి దగ్గర దొరికిన శవాలున్నాయి. హెలికాప్టర్ వచ్చి తీసుకుపోతుందని కూడా చాలామంది అనుకుంటారు. మంట వేడి, పొగ ఉన్న చోట అది దిగలేదు.

రెండు దారులూ మూసుకుపోతే వెనక్కి రావాలి. మంటకు దూరంగా, తలుపు బాగా మూసుకునే గదిలోకి, బయటి వైపు అద్దం ఉన్న గదిలోకి. తలుపు మూసి కింది సందులో తడి గుడ్డలు కుక్కాలి. కోటు, చున్నీ, కర్టెన్ ఏదైనా సరే. ఏసీ గాలి వచ్చే జాలీకి కూడా అడ్డం పెట్టాలి. అప్పుడు 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసి బిల్డింగు పేరు, అంతస్తు, రోడ్డు వైపా వెనక వైపా, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. "మేం చిక్కుకున్నాం" అని మాత్రం చెప్పి పెట్టేస్తే మా వాళ్ళు 21వ అంతస్తులో ఏ మూలని వెతకాలి? అద్దం దగ్గర రంగు గుడ్డ ఊపాలి, చీకటైతే ఫోన్ టార్చి.

అద్దం పగలగొట్టడం ఆఖరు పని. కింద మంట ఉంటే పొగ ఆ కన్నంలోంచే లోపలికొస్తుంది, మళ్ళీ మూయలేం. కిందున్న వాళ్ళ మీద గాజు పడుతుంది. దూకడం గురించి అయితే మాట్లాడక్కర్లేదు. బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్, 2010 ఫిబ్రవరి, ఆఫీసు బిల్డింగే, ఏడంతస్తులు. తొమ్మిది మంది పోయారు. అద్దాలు పగలగొట్టి దూకిన వాళ్ళు అందులో ఉన్నారు.

పానగల్లు_వైరింగ్

కార్ల్‌టన్ పేరు వచ్చింది కాబట్టి మా లైను మాట ఒకటి. అక్కడ మంట పుట్టింది ఎలక్ట్రికల్ షాఫ్టులో. షాఫ్టంటే కింది నుంచి పైదాకా కేబుళ్ళు పోయే నిలువు గుంట. ప్రతి అంతస్తు స్లాబు దగ్గర కేబుళ్ళ చుట్టూ మంటకు తట్టుకునే పదార్థంతో గట్టిగా మూసేయాలి. కట్టినప్పుడు మూస్తారు. తర్వాత ఇంటర్నెట్ వాడు వస్తాడు, గునపంతో పొడిచి కన్నం చేసి వైరు లాగి పోతాడు. తర్వాత ఇంకొకడు. నేను ఒక షాఫ్టు తలుపు తెరిచి చూస్తే కింద నాలుగు అంతస్తుల లైట్లు కనపడ్డాయి. కన్నాల పక్కనే తుడుపు కర్రలు, ఫినాయిల్ డబ్బా, పాత అట్టపెట్టెలు. మెయింటెనెన్సు సూపర్‌వైజరును పిలిచి చూపిస్తే "వేరే స్టోర్ రూమ్ లేదన్నా" అన్నాడు. లోపల నిప్పురవ్వ పడితే పొగ పై అంతస్తు దాకా ఎటు నుంచి పోతుందో ఇంజనీరు అక్కర్లేదు చెప్పడానికి.

ఆఫీసులో కూర్చునే వాళ్ళు చూడగలిగేవి కూడా ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి కెటిల్. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగినా, చేపల వాసనలాంటిది వచ్చినా వెంటనే చెప్పండి. ఆ వాసన చాలాసార్లు కాలుతున్న ప్లాస్టిక్‌దే.

కందూరు_జాతర

మరి ఆఫీసులో బతుకమ్మ ఎట్ల ఆడాలి అన్నా, కెటిల్ కూడా వద్దంటే?

దిండి_వాగు

ఆడండి, కాదన్నది ఎవరు. బతుకమ్మ పక్కన దీపం పెట్టి, వెనక థర్మాకోల్ గుడి కట్టి, దాని మీద సీరియల్ బల్బులు చుట్టి, పొగ వస్తుందని డిటెక్టరుకు పాలిథిన్ కవరు తొడుగుతారు. ఆయుధ పూజకు కర్పూరం వెలిగిస్తే ఇదే కథ. పండగ అయ్యాక కవరు ఎవ్వరూ తీయరు. మా బిల్డింగులో దసరా నుంచి సంక్రాంతి దాకా కవరు తొడుక్కుని ఉన్న డిటెక్టర్లు దొరుకుతాయి. ఎగ్జిట్ బోర్డు మీద బంతిపూల దండ వేలాడదీసిన టీమ్‌కు డెకరేషన్‌లో ఫస్టు ప్రైజు ఇచ్చింది మా మేనేజ్‌మెంటే.

మయూరి_పార్కు

అందరూ హైదరాబాద్ టవర్ల గురించే రాస్తున్నారు. అక్కడ కనీసం స్పీకర్లు, ఫ్యాన్లు, ఫెసిలిటీ మేనేజర్లు ఉన్నారు. మన మహబూబ్‌నగర్‌లో న్యూటౌన్ వైపు చూడండి. నాలుగంతస్తుల బిల్డింగు. కింద బట్టల షాపు, మధ్యలో ఫైనాన్సు ఆఫీసు, పైన కోచింగ్ సెంటర్. పైకి పోవడానికి ఒక్కటే మెట్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాలి. మెట్ల కింద జనరేటర్, దాని పక్కన డీజిల్ డబ్బా, ఎదురుగా చార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్లు. ముందు వైపు మొత్తం ఫ్లెక్సీ, కిటికీలు దాని వెనక. మా అక్క కొడుకు అక్కడే చదువుతున్నాడు.

సూరత్‌లో 2019 మేలో కోచింగ్ సెంటర్లో 22 మంది విద్యార్థులు పోయారు. ఢిల్లీ ముండ్కాలో 2022 మేలో నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగు, ఒక్కటే దారి, 27 మంది. ఏదీ ఆకాశహర్మ్యం కాదు. మన దగ్గరే 2013 అక్టోబరులో పాలెం దగ్గర వోల్వో బస్సు కాలితే 45 మంది పోయారు, బయటపడ్డది గుప్పెడు మందే. ఎత్తెంత అని కాదు, దారి ఉందా లేదా అన్నదే చూడాలి.

పాత_ఫైరుబండి

నిజం చెప్పావు. ఎత్తు తక్కువ కాబట్టి అనుమతుల చూపు పడని బిల్డింగులే నాకు ఎక్కువ భయం. ఇట్లాంటి చోట మా నిచ్చెన అందుతుంది, అదొక్కటే నయం. అదీ ఫ్లెక్సీ ఇనుప ఫ్రేమును కోస్తే గానీ కిటికీ దాకా పోలేం, కోసేలోపల నిమిషాలు పోతాయి.

ఓనరును అడగాల్సినవి: మెట్ల కింద జనరేటరు, డీజిలు, స్కూటర్ల చార్జింగు తీసేయాలి. ఫ్లెక్సీ కిటికీలను వదిలి కట్టుకోవాలి. వెనక వైపు ఇనుప మెట్లు పెట్టించడం ఖర్చే, కానీ సాధ్యమే. తల్లిదండ్రులు నలుగురు కలిసి పోతే ఓనరు వింటాడు, ఒక్కరే పోతే వినడు. వినకపోతే జిల్లా ఫైర్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

నల్లమల_గాలి

ఆఫీసుల్లో గోడకు వేలాడే ఎర్ర సిలిండర్లు ఎవరైనా వాడొచ్చా? మా దగ్గర రెండు రకాలున్నాయి.

పాత_ఫైరుబండి

చెత్తబుట్టంత మంటకు వాడొచ్చు, వెనక తప్పించుకునే దారి ఉంటేనే. పిన్ను లాగు, మంట మొదలు వైపు గురిపెట్టు, పిడి నొక్కు, అటూ ఇటూ ఊపు. చిన్న సిలిండరు కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. ఆరకపోతే వదిలేసి తలుపు మూసి బయటపడు. పొడి నిండినదానికి గడియారం లాంటిది ఉంటుంది, ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. వెడల్పు నల్ల మూతి ఉన్నది కార్బన్ డయాక్సైడ్, దానికి ముల్లు ఉండదు, తూకం వేసి చూస్తారు. కంప్యూటర్లకు, కరెంటు సామాన్లకు అది మంచిది. నొక్కేటప్పుడు మూతిని చేత్తో పట్టుకోవద్దు, చేయి గడ్డకట్టినట్టవుతుంది. చిన్న గదిలో కొడితే ఊపిరాడదు, కొట్టి బయటికి రావాలి. కరెంటు మంట మీద నీళ్ళు పోయొద్దని వేరే చెప్పాలా.

అచ్చంపేట_టీచరమ్మ

ఇదంతా అమ్మాయికి పంపించాను. మొదట నవ్వింది, తర్వాత నిజంగానే మధ్యాహ్నం అన్నం టైములో ఒక స్నేహితురాలితో కలిసి నడిచి చూసిందట. రెండు సంగతులు చెప్పింది. రెండో మెట్లదారి తలుపును సిగరెట్లకు పోయేవాళ్ళు నీళ్ళ క్యాను అడ్డం పెట్టి తెరిచి ఉంచుతున్నారు. ఇంకోటి, మెట్లలోకి పోయాక తలుపు వెనక మూసుకుంది, లోపలి నుంచి మళ్ళీ తెరుచుకోలేదు. ఏ అంతస్తు తలుపూ తెరుచుకోలేదు. కింద పార్కింగు దాకా దిగి బయటికొచ్చారు. ఇది మామూలేనా? కింద పొగ ఉంటే మెట్లలోనే ఇరుక్కుపోరా?

వాళ్ళ టీములో ఒకబ్బాయికి పోలియో, కర్రల మీద నడుస్తాడు. అతని సంగతేందని కూడా అడిగింది.

దిండి_వాగు

అక్కా, మీ అమ్మాయికి మా బిల్డింగులో ఉద్యోగమివ్వాలి.

నీళ్ళ క్యాను సంగతి వెంటనే అడ్మిన్‌కు చెప్పమనండి. ఆ తలుపు తనంతట తాను మూసుకునేది, మూసి ఉంటేనే పనికొస్తుంది. తెరిచి ఉంచితే పైన సార్ చెప్పిన పొగగొట్టమే.

మెట్లలోంచి అంతస్తుల్లోకి తెరుచుకోకపోవడం దొంగతనాల కోసం చేస్తారు. అలారం మోగినా, కరెంటు పోయినా ఆ తాళాలన్నీ వాటంతటవే విడిపోవాలి. కార్డు పెట్టి తీసే గాజు తలుపులకూ అదే రూలు. తలుపు పక్కన ఆకుపచ్చ డబ్బా ఉంటే దాని అద్దం నొక్కినా విడిపోతుంది. వాళ్ళ దగ్గర విడిపోతాయా లేదా అని అడ్మిన్‌కు మెయిల్ పెట్టమనండి. నోటిమాటగా అడిగితే "విడిపోతాయండీ" అంటారు. ఈసారి డ్రిల్లులో విప్పి చూపించమని రాయాలి, కాపీ బిల్డింగు ఫైర్ ఆఫీసరుకు పెట్టాలి.

పాత_ఫైరుబండి

ఆ అబ్బాయి గురించి అడిగినందుకు సంతోషం. 24 మీటర్లు దాటిన బిల్డింగుల్లో కొన్ని అంతస్తుల్లో రెఫ్యూజ్ ఏరియా అని, తలదాచుకోవడానికి బయటిగాలి తగిలే చోటు వదిలి ఉంచాలి. వాళ్ళ అంతస్తుకు దగ్గరలో అది ఏ అంతస్తులో ఉందో కనుక్కోవాలి. దానికి చాలా చోట్ల తాళం వేసి పాత కుర్చీలు పెడతారు, అది కూడా చూడాలి. అతనికి తోడుగా ఇద్దరిని ముందే పేరు పెట్టి అనుకోవాలి, ఒకరు లీవులో ఉంటే ఇంకొకరు. మెట్ల మీద కూర్చోబెట్టి దింపే కుర్చీలు వస్తాయి, ఆఫీసు ఒకటి కొనాలి, కొన్నాక దాని మీద నిజంగా ఒకసారి దింపి చూడాలి. జనం దిగిపోయాక అతన్ని దింపడం మొదలుపెట్టాలి, ఈలోపు మెట్లదారి తలుపు లోపలి వైపు ఉండొచ్చు. అతను ఏ అంతస్తులో ఉన్నాడో కింద గేటు దగ్గరున్న వాళ్ళకు తెలియాలి. మేం రాగానే మొదట అడిగేది అదే, "లోపల ఎవరున్నారు, ఎక్కడ?"

అచ్చంపేట_టీచరమ్మ

రాత్రి మెయిల్ రాయిస్తున్నా. ఆ అబ్బాయిని కూడా కాపీలో పెట్టమంటున్నా, అతని గురించి అతన్ని అడగకుండా రాయడం బాగుండదు కదా. అమ్మాయి వాళ్ళ నాన్నకు ఇదంతా చదివి వినిపిస్తే ఆయన అడిగింది ఒక్కటే: పార్కింగులో కూడా ఎలక్ట్రిక్ స్కూటర్లకు చార్జింగు పెడుతున్నారా అని. రెండో మెట్లదారి తేలేది అక్కడికే మరి.

దిండి_వాగు

బావగారు కరెక్టు పాయింటు పట్టుకున్నారు. మెయిల్లో అది మొదటి లైనుగా పెట్టండి.